గ్రౌండ్‌లో కాలి ముందు ఎముక నొప్పి: షిన్ పెయిన్ ఎందుకు వస్తుంది, ఎలా తగ్గించుకోవాలి

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా కానిస్టేబుల్, ఎస్సై, అగ్నివీర్ ఈవెంట్స్ కోసం పొద్దున్నే ఐదింటికి లేచి గ్రౌండ్‌కి వెళ్తున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి. మారథాన్ కోసమో, బరువు తగ్గడానికో కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్లకి కూడా ఇదే వర్తిస్తుంది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను డాక్టర్ని కాదు. బీటెక్ చేసి, సాఫ్ట్‌వేర్ జాబ్ చేసి, ఇప్పుడు వీడియోలు చేసుకుంటున్నవాడిని. ఈ విషయం మీద బాగా చదివి, అర్థమైనది మీకు అర్థమయ్యేలా చెప్తాను. ఎక్కడ నేను ఆగి "ఇక్కడ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి" అంటానో, అక్కడ నిజంగా వెళ్లాలి.

సీన్ ఎలా ఉంటుందంటే, నోటిఫికేషన్ పడుతుంది. ప్రిలిమ్స్ అయ్యేదాకా రూమ్‌లో కూర్చొని చదువుతాం. క్వాలిఫై అయ్యాం అని తెలిసిన మర్నాటి నుంచి రోజూ గ్రౌండ్. మొదటి వారం ఆయాసం వస్తుంది. రెండో వారానికి ఆయాసం తగ్గుతుంది, టైమింగ్ మెరుగవుతుంది, "ఇంకేం, కొట్టేస్తాం" అనిపిస్తుంది. సరిగ్గా మూడో వారమో నాలుగో వారమో, మోకాలికీ చీలమండకీ మధ్య ముందు ఎముక లోపలి పక్క సలుపు మొదలవుతుంది.

అక్కడ గ్రౌండ్‌లో దొరికే సలహాలు రెండే. ఒకటి, "టాబ్లెట్ వేసుకుని ఉరుకు, అదే సెట్ అవుతుంది." రెండు, "ఈవెంట్స్ దాకా పూర్తిగా రెస్ట్ తీసుకో." ఈ రెండూ మనల్ని ముంచే సలహాలే. మొదటిది ఎముక విరిగేదాకా తీసుకెళ్లొచ్చు. రెండోదాంట్లో ఈవెంట్స్ రోజుకి స్టామినా ఉండదు, కాలూ సిద్ధంగా ఉండదు. మధ్యలో మూడో దారి ఉంది. అదే ఇవాళ మాట్లాడుకుందాం.

అసలు నొప్పి ఎక్కడ?

ఇప్పుడే కూర్చున్నచోటే ఒక పని చేయండి. ఫోన్ పక్కన పెట్టి, బొటనవేలితో కాలి ముందు ఎముక లోపలి అంచుని, అంటే రెండో కాలి వైపు ఉండే అంచుని, చీలమండ పై నుంచి మోకాలి వైపుగా మెల్లగా నొక్కుకుంటూ వెళ్లండి. ఆ ఎముక పేరు టిబియా. దాని వెనకే పిక్క కండరాలు ఉంటాయి.

నొక్కుతుంటే ఆ అంచు వెంబడి ఒక జానెడో, కనీసం 5 సెంటీమీటర్లో పొడవునా నొప్పిగా ఉందా? పరుగు మొదలుపెట్టగానే నొప్పి వచ్చి, కాస్త వేడెక్కాక తగ్గి, ఆపాక మళ్లీ వస్తోందా? అయితే అది ఎక్కువ శాతం షిన్ స్ప్లింట్స్ అయ్యే అవకాశం ఉంది. డాక్టర్లు దీన్ని మీడియల్ టిబియల్ స్ట్రెస్ సిండ్రోమ్ అంటారు. పేరు పెద్దదే కానీ అర్థం సింపుల్: టిబియా లోపలి అంచు మీద ఒత్తిడి ఎక్కువైంది.

రన్నర్స్‌లోనూ, మిలిటరీ ట్రైనింగ్‌లో చేరిన కొత్త రిక్రూట్స్‌లోనూ ఇది చాలా కామన్. కారణం కూడా ఒకటే: అలవాటు లేని కాలికి తక్కువ రోజుల్లో ఎక్కువ పని పడటం.

ఎముక కూడా బతికున్నదే

మనం ఎముక అంటే ఇనుప చువ్వ లాంటిది అనుకుంటాం. కాదు. అది రోజూ రిపేర్ జరిగే రోడ్డు లాంటిది. ఒక రకం కణాలు పాతబడిన, అలిసిన ఎముకని తవ్వేస్తాయి. ఇంకో రకం కణాలు ఆ గుంటలో కొత్త ఎముక పోస్తాయి. తవ్వకం కొన్ని వారాల్లో అయిపోతుంది. పూడ్చి, గట్టిపడటానికి మాత్రం దాదాపు మూడు నెలలు పడుతుంది.

అంటే కొత్తగా పరుగు మొదలుపెట్టిన మొదటి నెలలో, ఎముక బలపడే ముందు కొంత బలహీనపడుతుంది. తవ్వకం అయింది, తారు ఇంకా పడలేదు. సరిగ్గా అప్పుడే మనకి ఆయాసం తగ్గి, స్పీడ్ పెరిగి, ఇంకో రెండు రౌండ్లు ఎక్కువ కొడతాం. గుండె, ఊపిరితిత్తులు రెండు మూడు వారాల్లోనే తేడా చూపిస్తాయి. కండరాలు ఇంకొంచెం టైమ్ తీసుకుంటాయి. ఎముక నెలలు తీసుకుంటుంది. ఆయాసం రావట్లేదు కాబట్టి కాలు కూడా రెడీ అనుకోవడమే అసలు తప్పు లెక్క.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది తెలిసిన కథే. ముందు స్క్రీన్ ఎంత ఫాస్ట్‌గా ఉన్నా, వెనక డేటాబేస్ తట్టుకోలేకపోతే లోడ్ పెంచిన రోజే సిస్టమ్ పడిపోతుంది.

చిన్న లెక్క చూద్దాం. 1600 మీటర్లు 7 నిమిషాల్లో కొడితే సుమారు 1,200 అడుగులు పడతాయి, ఒక్కో కాలికి 600. ప్రతి అడుగుకీ నేల నుంచి శరీర బరువుకి రెండు మూడు రెట్ల తాకిడి వస్తుంది. మెల్లగా 5 కిలోమీటర్లు జాగింగ్ చేస్తే సుమారు 5 వేల అడుగులు. వారం క్రితం దాకా సున్నా. ఈ వారం రోజుకి 5 వేలు. ఎముకకి పొడవునా వంగే ఒత్తిడి, దాన్ని అంటిపెట్టుకుని ఉన్న పొరని పిక్క కండరాలు లాగే ఒత్తిడి, ఈ రెండూ కలిసి సలుపుగా బయటపడతాయని శాస్త్రవేత్తలు చెప్తారు. ఆ సలుపు మన ఎర్రర్ మెసేజ్.

ఎవరికి రిస్క్ ఎక్కువ?

కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి, ఇదివరకు ఒకసారి ఈ నొప్పి వచ్చినవాళ్లకి, బరువు ఎక్కువున్నవాళ్లకి, నిలబడినప్పుడు పాదం లోపలికి బాగా ఒరిగే ఫ్లాట్ ఫుట్ ఉన్నవాళ్లకి రిస్క్ ఎక్కువ. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది.

చెల్లెళ్లకి ఒక ముఖ్యమైన మాట. ప్రాక్టీస్ మొదలుపెట్టాక పీరియడ్స్ ఆగిపోయినా, చాలా ఆలస్యమవుతున్నా "పరుగు వల్లలే" అని వదిలేయకండి. తింటున్నది చాలట్లేదు, శరీరం ఖర్చు తగ్గించుకుంటోంది అని అది చెప్తున్నట్టు. ఆ స్థితిలో ఎముక బలం కూడా తగ్గుతుంది, విరిగే ప్రమాదం పెరుగుతుంది. గైనకాలజిస్ట్‌కి చూపించుకోండి. హాస్టల్లో టిఫిన్ మానేసి గ్రౌండ్‌కి వెళ్లడం అబ్బాయిలకి కూడా మంచిది కాదు. గుడ్లు, పాలు, పెరుగు, పప్పు, రాగి జావ లాంటివి రోజూ పడాలి. పప్పుచారు అన్నం ఒక్కటే తిని రోజుకి రెండు పూటలా పరిగెడితే రిపేర్‌కి సరుకు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇది షిన్ స్ప్లింట్స్ కాకపోతే?

ఈ భాగం స్కిప్ చేయకండి. ఎందుకంటే ఇలాగే కనిపించే వేరే సమస్యలు ఉన్నాయి.

ఒకటి, స్ట్రెస్ ఫ్రాక్చర్. అంటే ఎముకలో సన్నటి చీలిక. ఇందులో నొప్పి జానెడు పొడవునా ఉండదు. ఒక్క చోట, వేలి మొనతో చూపించగలిగేంత చిన్న జాగాలో ఉంటుంది. నొక్కితే ప్రాణం పోయినట్టుంటుంది. వేడెక్కినా తగ్గదు, పరిగెత్తే కొద్దీ పెరుగుతుంది. నడిచినా నొప్పి, రాత్రి పడుకున్నా నొప్పి, ఒంటికాలి మీద ఎగిరితే తట్టుకోలేనంత నొప్పి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజు నుంచే పరుగు బంద్. ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎగిరి చూసే టెస్ట్ ఇంట్లో పదే పదే చేయకండి, ఉన్న చీలిక పెరుగుతుంది.

ఇక్కడ ఒక ట్రాప్ ఉంది. మొదటి రెండు మూడు వారాల్లో తీసిన ఎక్స్‌రేలో స్ట్రెస్ ఫ్రాక్చర్ చాలాసార్లు కనిపించదు. "ఎక్స్‌రే నార్మల్, ఇంక ఉరుకు" అనుకోకూడదు. నొప్పి ఒక్కచోటే ఉండి తగ్గకపోతే ఎమ్మారై అవసరమా అని డాక్టర్ని అడగండి. చీలికని తొందరగా పట్టుకునేది అదే. తొందరగా పట్టుకుంటే సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానే అవకాశం ఉంటుంది. టాబ్లెట్ మింగి పరిగెత్తి దాన్ని పూర్తిగా విరగ్గొట్టుకుంటే ఆపరేషన్ దాకా పోవచ్చు. నొప్పి ఎముక ముందు అంచు మధ్యలో, ఒక్కచోటే ఉంటే ఇంకా జాగ్రత్త. అక్కడ చీలిక మానడం కష్టం.

రెండు, కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్. పరిగెత్తడం మొదలెట్టిన కొన్ని నిమిషాలకి పిక్క రాయిలా బిగుసుకుపోతుంది, పాదం తిమ్మిరెక్కుతుంది, ఆపిన కాసేపటికి మామూలైపోతుంది. ప్రతిసారీ దాదాపు అదే టైమ్‌కి వస్తుంది. ఇది కండరాల్లో ఒత్తిడి పెరిగే సమస్య. దీనికి వేరే పరీక్ష, వేరే ట్రీట్‌మెంట్.

మూడు, ఒక్క పిక్కే వాచి, వేడిగా, ఎర్రగా అయి, కూర్చున్నా నొప్పిగా ఉంటే రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. అరుదే, కానీ ఎమర్జెన్సీ. అదే రోజు హాస్పిటల్‌కి వెళ్లాలి.

టాబ్లెట్, ఇంజెక్షన్ సంగతి

నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తడం అంటే సర్వర్ అలర్ట్‌ని మ్యూట్ చేసి ఇంటికెళ్లి పడుకోవడం. సమస్య అలాగే ఉంటుంది, మనకి తెలియదు అంతే. పైగా డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఖాళీ కడుపున రోజూ వేసుకుంటే కడుపులో పుండ్లు రావచ్చు. చెమట పట్టి ఒంట్లో నీళ్లు తగ్గిన టైమ్‌లో కిడ్నీల మీద కూడా భారం. ఇంక ఊళ్లో ఎవరో వేసే, ఏం మందో మనకే తెలియని "పెయిన్ ఇంజెక్షన్" జోలికి అస్సలు పోకండి.

ఐస్ పెట్టుకోవచ్చు. గుడ్డలో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు పెడితే ఉపశమనం ఉంటుంది. అది నొప్పికే గానీ ఎముకని బాగు చేయదు. స్ప్రే, బామ్ కూడా అంతే. గట్టిగా మర్దన చేయించి ఎముక మీద నొక్కించుకోవడం వద్దు.

మరి పనిచేసేదేంటి?

2012లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక స్టడీ పబ్లిష్ చేశారు. షిన్ స్ప్లింట్స్ ఉన్న 74 మందిని మూడు గ్రూపులుగా చేశారు. అందరికీ మెల్లగా పెంచుకుంటూ వెళ్లే రన్నింగ్ ప్రోగ్రామ్ ఇచ్చారు. ఒక గ్రూప్‌కి దాంతోపాటు పిక్కలకి స్ట్రెచింగ్, బలం పెంచే వ్యాయామాలు. ఇంకో గ్రూప్‌కి కంప్రెషన్ సాక్స్. చివరికి మూడు గ్రూపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆపకుండా 18 నిమిషాలు పరిగెత్తే స్థాయికి రావడానికి సగటున 100 నుంచి 120 రోజుల మధ్య పట్టింది.

దీన్నుంచి రెండు విషయాలు తీసుకోవాలి. ఒకటి, అసలు మందు మెల్లగా పెంచే పరుగే. సాక్స్‌కి డబ్బులు పోయక్కర్లేదు. రెండు, ముదిరాక ఇది నెలల పని. అందుకే సలుపు మొదలైన మొదటి వారంలోనే బ్రేక్ వేయాలి.

వ్యాయామాలు మానేయమని కాదు. బలమైన పిక్క ఎముక మీద పడే వంపుని కొంత మోస్తుంది. కానీ అవి చేస్తున్నాం కదా అని పరుగు తగ్గించకపోతే ఉపయోగం లేదు.

మూడు దశల్లో ప్లాన్

మొదటి దశలో పరుగు, జంపింగ్, స్కిప్పింగ్ ఆపండి. కానీ ఖాళీగా కూర్చోవద్దు. సైకిల్ తొక్కండి. ఈత వచ్చి, సేఫ్ ప్లేస్ ఉంటే ఈత కొట్టండి. స్టామినా పోకుండా ఇవి కాపాడతాయి. సైకిల్ మీద కూడా ఒక నిమిషం గట్టిగా, రెండు నిమిషాలు మెల్లగా చేస్తే ఆయాసం బాగానే వస్తుంది. నడిస్తే నొప్పి లేకపోతే పిక్క వ్యాయామం మొదలుపెట్టండి. గోడ పట్టుకుని మడమలు పైకి లేపి, మెల్లగా దించండి. మోకాలు నిటారుగా ఉంచి 12 నుంచి 15 సార్లు, మోకాలు కొంచెం వంచి ఇంకో 12 నుంచి 15 సార్లు. ఇలా మూడు సెట్లు, రోజు విడిచి రోజు. సులువైపోయాక ఒంటికాలి మీద చేయండి.

30 నిమిషాలు వేగంగా నడిచినా, ఎముకని నొక్కినా నొప్పి లేని రోజులు వరసగా ఐదు వచ్చాక రెండో దశకి వెళ్లండి. ఒక నిమిషం జాగింగ్, రెండు నిమిషాలు నడక. ఇలా ఏడెనిమిది సార్లు. రోజు విడిచి రోజు మాత్రమే. ఒక స్టెప్ రెండుసార్లు నొప్పి లేకుండా పూర్తయితేనే తర్వాతది: రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక. తర్వాత మూడుకి ఒకటి. తర్వాత ఐదుకి ఒకటి. చివరికి ఆపకుండా 15 నుంచి 20 నిమిషాలు.

రూల్ ఒకటే. నొప్పికి పదికి మార్కులు వేసుకోండి. పరిగెత్తేటప్పుడు 2 దాటకూడదు, మర్నాడు పొద్దున మంచం దిగగానే నిన్నటి కంటే ఎక్కువ ఉండకూడదు. ఎక్కువైతే ఒక స్టెప్ వెనక్కి. కోడ్ పనిచేయకపోతే పాత వెర్షన్‌కి రోల్‌బ్యాక్ చేయడం సిగ్గుపడే పనేం కాదు కదా.

మూడో దశ స్పీడ్. 20 నిమిషాలు హాయిగా పరిగెత్తగలిగాకే 400 మీటర్ల ముక్కలు వారానికి ఒకసారి మొదలుపెట్టండి. దూరం, స్పీడ్ రెండూ ఒకే వారంలో పెంచొద్దు.

ఈవెంట్స్ లెక్క

గత రిక్రూట్‌మెంట్‌లో తెలంగాణ కానిస్టేబుల్ అబ్బాయిలకి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, అమ్మాయిలకి 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 1600 మీటర్లే అందరికీ, అబ్బాయిలకి 8 నిమిషాలు, అమ్మాయిలకి పదిన్నర నిమిషాలు. మీ నోటిఫికేషన్‌లో ఏముందో మీరు మళ్లీ చూసుకోండి.

ఈ టైమింగ్స్‌కి రోజూ పది కిలోమీటర్లు అక్కర్లేదు. రోజూ ఫుల్ స్పీడ్‌లో 1600 కొట్టి స్టాప్‌వాచ్ చూసుకోవడం అంతకన్నా అక్కర్లేదు. పరీక్ష రోజూ రాస్తే చదివేదెప్పుడు? వారంలో మూడు నాలుగు రోజులు పరుగు, అందులో ఒక్కరోజే స్పీడ్, మిగతావి పక్కనవాళ్లతో మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత మెల్లగా. లాంగ్ జంప్ ప్రాక్టీస్ కూడా ఎముక మీద తాకిడే కాబట్టి దాన్ని స్పీడ్ రోజుతోనే కలిపేయండి, మర్నాడు రెస్ట్.

సిమెంట్ రోడ్డు అంచున, ఒక పక్కకి వాలుగా ఉన్నచోట రోజూ ఒకే వైపు పరిగెత్తొద్దు. చదునైన మట్టి గ్రౌండ్ మేలు. రౌండ్లు ఒక రోజు కుడి నుంచి, ఒక రోజు ఎడమ నుంచి కొట్టండి. అడుగులు బారగా వేయకుండా, చిన్నవిగా, కాస్త ఎక్కువ వేస్తే ఒక్కో అడుగు తాకిడి తగ్గుతుంది. ఇప్పుడున్న అడుగుల లెక్కకి 5 నుంచి 10 శాతం చాలు. షూ ఖరీదైనది కానక్కర్లేదు, పాదానికి హాయిగా ఉండి, అడుగు అరిగిపోకుండా ఉంటే చాలు. సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్ల మధ్య షూ పని అయిపోతుంది.

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. ఈవెంట్స్ ఇంకో రెండు వారాలే ఉన్నాయి, కాలు నొప్పిగా ఉంది, ఏం చేయాలి? నొప్పి ఒక్కచోటే ఉంటే, నడిచినా ఉంటే, ముందు డాక్టర్, తర్వాతే మిగతా ఆలోచన. అది షిన్ స్ప్లింట్సే అని తేలితే, ఈ రెండు వారాల్లో కొత్తగా పెరిగే స్టామినా ఎలాగూ పెద్దగా ఉండదు. కాబట్టి పరుగు బాగా తగ్గించి, సైకిల్‌తో ఊపిరి నిలబెట్టుకుని, కాలు వీలైనంత తేలికైన స్థితిలో ఆ రోజుకి చేరడమే తెలివి. చివరి వారంలో ప్రాక్టీస్ పెంచి సాధించేదేమీ ఉండదు. డాక్టర్ ఫ్రాక్చర్ అన్నారంటే మాత్రం లైన్‌లో నిలబడకండి. ఏళ్లు ఎదురుచూసిన నోటిఫికేషన్ వదులుకోవడం ఎంత బాధో ఊహించగలను. ఇంట్లో చెప్పడం అంతకన్నా కష్టం. కానీ విరిగిన కాలితో ఈ ఛాన్సూ పోతుంది, తర్వాతి ఛాన్స్ కూడా దూరమవుతుంది.

ఇంకా నోటిఫికేషన్ పడనివాళ్లకి మంచి వార్త. మీ చేతిలో టైమ్ ఉంది. ఎముకకి మూడు నాలుగు నెలలు కావాలన్నాం కదా. ప్రిలిమ్స్ చదువుకుంటూనే వారానికి మూడు రోజులు, 20 నిమిషాలు నడక, పరుగు కలిపి ఇప్పుడే మొదలుపెట్టండి. రిజల్ట్ వచ్చేసరికి కొత్త ఎముక పడి ఉంటుంది. మీ బ్యాచ్‌లో కుంటుకుంటూ పరిగెత్తే ఫ్రెండ్ ఒకరు ఉండే ఉంటారు. టాబ్లెట్ ఇచ్చే బదులు ఈ ఎపిసోడ్ పంపండి. బొటనవేలితో ఎముక నొక్కి చూసుకోమనండి.

ఉంటాను ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఆల్ ది బెస్ట్.